కలవడా? కలుపుకోరా?
‘వెలి’ చుట్టూ అల్లుకున్న జపాన్ మాటలు మన బడికి చెప్పే పాఠం

‘‘వీడు ఎవరితోనూ కలవడు.’’
‘‘వీణ్ణి ఎవరూ కలుపుకోరు.’’

రెండు వాక్యాలూ ఒకే పిల్లవాడి గురించి కావచ్చు. మొదటిది ప్రోగ్రెస్ కార్డుల్లో తరచూ కనిపిస్తుంది. రెండోది దాదాపు కనిపించదు. మొదటి వాక్యంలో లోపం పిల్లవాడిది. రెండో వాక్యంలో ప్రశ్న మిగతా తరగతికి. తేడా అంతా ఒక్క క్రియలో ఉంది. ‘కలవడం’ తనంతట తాను చేసే పని, ‘కలుపుకోవడం’ అవతలివాళ్లు చేయాల్సిన పని.

ఈ తేడాను ఏళ్ల తరబడి తమ బడుల్లోనూ, ప్రభుత్వ లెక్కల్లోనూ, కోర్టుల్లోనూ తర్కించుకున్న దేశం జపాన్. గుంపుతో నడవడానికి ఎంతో విలువిచ్చే సమాజం అది. అలాంటి చోట గుంపు బయట పడటం ఎంత బాధో చెప్పడానికి మాటలూ ఎక్కువే. మనకు ఆ భాష మరీ కొత్తగా అనిపించదు. తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామవాచకం వెనక చేరతాయి. ‘తెగింది–తెంచాడు’, ‘విరిగింది–విరిచాడు’ లాంటి క్రియల జంటలు అక్కడా కోకొల్లలు. అందుకే అక్కడి మాటలను విప్పి చూస్తే మన మాటల లోగుట్టు కూడా తెలుస్తుంది. రెండు భాషల మధ్య, ఒక్కోసారి మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఇది అక్కరకొచ్చే సంగతి.

పదిలో ఎనిమిది

వెలికి జపనీస్‌లో అందరికీ తెలిసిన పాత మాట ‘మురహచిబు’. ‘ముర’ అంటే ఊరు, ‘హచి’ అంటే ఎనిమిది, ‘బు’ అంటే పాలు. ఊరు ఎనిమిది పాళ్లు తెంచుకోవడం అన్నమాట. దీని వెనక జనం చెప్పుకునే వివరణ ఇది. ఊళ్లో ఒకరికొకరు తోడు నిలవాల్సిన సందర్భాలు పది. పుట్టుక, ఈడు వచ్చిన వేడుక, పెళ్లి, జబ్బు, ఇల్లు కట్టుకోవడం, వరద, పితృకార్యం, ప్రయాణం, చావు, ఇల్లు కాలడం. కట్టు తప్పిన కుటుంబానికి వీటిలో ఎనిమిదింటికి ఊరు రాదు. చావుకూ, ఇల్లు కాలినప్పుడూ మాత్రం వస్తుంది.

ఆ రెండూ దయతో మిగిల్చినవని అనుకోవడానికి లేదు. చెక్క ఇళ్లు, గడ్డి కప్పుల ఊళ్లో ఒక ఇల్లు అంటుకుంటే ఊరంతా అంటుకుంటుంది. శవాన్ని అలా వదిలేస్తే రోగం పక్కింటికి పాకుతుంది. కాబట్టి వెలివేసినవాడి కోసం కాదు, వెలివేసినవాళ్ల కోసమే ఆ రెండు మినహాయింపులు అన్నది వాడుకలో ఉన్న వివరణ. ఈ పది–ఎనిమిది లెక్క తర్వాత కల్పించుకున్నదనీ, ‘హచిబు’ అన్నది నిజానికి ‘హజికు’ (చిమ్మివేయడం) లేదా ‘హబుకు’ (తీసివేయడం) అనే క్రియల నుంచి వచ్చి ఉంటుందనీ చెప్పేవారూ ఉన్నారు. లెక్క తర్వాత పుట్టిందే అయినా, జనం నాలుక మీద నిలిచింది అదే. వెలి అంటే ఏమేం పోతాయో అది వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తుంది.

మన ‘వెలి’ అనే మాటకు అర్థం ‘బయట’ అని మాత్రమే. ‘వెలివేయడం’ అంటే బయట వేయడం. బయట వేశాక ఏం జరుగుతుందో మాటలో లేదు, మన ఊళ్ల జ్ఞాపకాల్లో ఉంది. నిప్పు ఇవ్వరు, నీళ్లు తోడుకోనివ్వరు, కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరు, పెళ్లికి పిలవరు. చాలాచోట్ల చావుకు కూడా రారు. జపాన్ ఊరు మిగిల్చిన ఆ రెండు పాళ్లు కూడా మనవాళ్లకు దక్కని సందర్భాలు ఎన్నో. మహారాష్ట్రలో కులపంచాయితీల వెలిని నేరంగా ప్రకటిస్తూ 2016లో ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. 2017లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అక్కడి మన పాఠకులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఓ విద్యార్థిని రాసిన ఉత్తరం

మురహచిబు పాతకాలపు ముచ్చట కాదు. 1952 మేలో జపాన్ పార్లమెంటు ఎగువ సభకు ఉప ఎన్నిక జరిగింది. షిజువొకా ప్రాంతంలోని ఉయెనో అనే పల్లెలో ఒకరి ఓటు ఇంకొకరు వేసేశారు. అది చూసిన హైస్కూలు అమ్మాయి ఒకరు ‘అసాహి షింబున్’ పత్రికకు ఉత్తరం రాసింది. వార్త వచ్చింది, విచారణ జరిగింది, ఊళ్లో కొందరిని పోలీసులు పిలిపించారు. ఆ తర్వాత ఊరు ఆ అమ్మాయి ఇంటితో మాటలు మానేసింది. నాట్ల సమయంలో ఎవరూ సాయానికి రాలేదు. అక్కడ వరి నాట్లు ఒకరి పొలంలో ఒకరు చేయి వేస్తేనే సాగే పని. మన వైపు ‘బదులు’ వెళ్లడం అంటారే, అలాంటిది.

ఆ సంగతి దేశమంతా పాకింది. యుద్ధం ముగిసి, కొత్త రాజ్యాంగం వచ్చి ఐదేళ్లయినా ఊరి కట్టు చట్టం కంటే బలంగా ఉందని అందరికీ తెలిసింది. మరుసటి ఏడాదే దాని మీద సినిమా వచ్చింది. తప్పు చేసినవాళ్లు ఊళ్లో కలిసే ఉన్నారు, తప్పును చెప్పిన పిల్ల ఇల్లు బయట పడింది. వెలి ఎవరి మీద పడుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. పైకి తేలిన గుంజకే సుత్తి దెబ్బ అని జపాన్‌లో సామెత. పిల్లలు ఫిర్యాదు చేయడానికి ఎందుకు జంకుతారో ఆ సామెతలో ఉంది.

మురహచిబు చేస్తామని గుంపుగా బెదిరించడం నేరమేనని అక్కడి కోర్టులు వందేళ్ల కిందటి నుంచే చెబుతున్నాయి. అయినా 2021లో కూడా ఒయితా ప్రాంతంలోని ఒక పల్లె మీద ఇలాంటి కేసులోనే తీర్పు వచ్చింది. పల్లె సంఘం నుంచి తప్పించిన ఒక పెద్దాయనకు పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది.

తల తిప్పుకున్న జింక

పెద్దల మాట మురహచిబు అయితే, పిల్లల మాటలు వేరే ఉన్నాయి. బడిలో ఎక్కువగా వినిపించేది ‘నకమ హజురె’. ‘నకమ’ అంటే జట్టు, ‘హజురె’ అంటే ఊడిపోవడం. జట్టులోంచి ఊడిపోయినవాడు. ‘ముషి’ అంటే చూసీ చూడనట్టు ఉండటం. అక్షరాల్లో చూస్తే ‘చూపు లేకపోవడం’.

‘షికతో’ అనే మాట కథ ఇంకా సరదాగా ఉంటుంది. జపాన్‌లో ‘హనఫుద’ అనే పువ్వుల పేకముక్కలు ఉంటాయి. నెలకో పువ్వు లేదా చెట్టు. పదో నెల ముక్క మీద ఎర్రబడిన మేపుల్ ఆకుల పక్కన జింక బొమ్మ ఉంటుంది. ఆ జింక తల పక్కకు తిప్పుకుని ఉంటుంది. ‘షిక’ అంటే జింక, ‘తో’ అంటే పది. పదో ముక్క మీది జింకలా తల తిప్పుకోవడమే షికతో. జూదగాళ్ల మాటగా మొదలై బడిపిల్లల నోట నిలిచింది. తిట్టలేదు, కొట్టలేదు, తల మాత్రం తిప్పుకున్నారు. టీచరు అడిగితే ‘మేమేం చేశాం సార్?’ అనడానికి వీలుండే హింస అది.

‘హబురు’ అనేది కుర్రకారు క్రియ. ఒకణ్ణి పక్కన పెట్టేయడం. ఇది ‘మురహచిబు’ నుంచి గానీ ‘హబుకు’ నుంచి గానీ వచ్చిందంటారు. తాతల ఊరి కట్టుబాటు మనవళ్ల ఫోన్లలోకి నడిచివచ్చిందన్నమాట. అక్కడ వాట్సాప్ బదులు ‘లైన్’ వాడతారు. ఒకణ్ణి గ్రూపు నుంచి తీసేయడానికి, లేదా వాణ్ణి వదిలేసి మిగతావాళ్లు వేరే గ్రూపు పెట్టుకోవడానికి ‘లైన్ హజుషి’ అనే పేరే ఏర్పడింది. మన పదో తరగతి పిల్లల ఫోన్లు చూసినవారికి ఈ పని కొత్త కాదు, పేరే కొత్త.

అన్ని మాటలూ ఇలా చేదుగా లేవు. మన పిల్లలు ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాణ్ణి ‘ఆటలో అరటిపండు’ అంటారు. వాడు ఆడతాడు కానీ ఔట్ అవ్వడు, దొంగ కాడు. జపాన్ పిల్లల ఆటల్లోనూ సరిగ్గా ఇలాంటివాడే ఉన్నాడు. పేరు ‘మిసొక్కసు’. సోయాబీన్స్ ముద్ద ‘మిసో’ను వడకట్టాక మిగిలే పిప్పి అని అర్థం. పేరు చిన్నచూపుగానే ఉన్నా, పని మాత్రం మంచిదే. చేతకానివాణ్ణి ఇంటికి పంపేయకుండా, వాడి కోసం ఒక నియమం సడలించి ఆటలో ఉంచుకోవడం. చదువుకున్న పెద్దలు పెద్ద పెద్ద మాటలతో చెప్పేదాన్ని గల్లీలోని పిల్లలు అరటిపండుతో సాధించారు.

చేసినవాడు ఎక్కడ?

ఇప్పుడు వ్యాకరణం దగ్గరికి వద్దాం. ‘హజురెరు’ అంటే ఊడిపోవడం. ‘హజుసు’ అంటే ఊడదీయడం. చొక్కా గుండీ గురించి కూడా ఇవే క్రియలు వాడతారు. గుండీ ఊడితే ఎవరూ బాధ్యులు కారు. ఊడదీస్తే ఎవరో ఒకరు ఊడదీసి ఉండాలి. జపాన్‌లో బాగా వాడుకలో పడిన మాట ‘నకమ హజురె’, అంటే ఊడిపోయినట్టు చెప్పేది. ‘నకమ హజుషి’, అంటే ఊడదీసినట్టు చెప్పేది, ఉంది కానీ వాడకం తక్కువ. మామూలు వాడుకలోనే చేసినవాడు తప్పుకున్నాడు.

మన భాషలోనూ ఇదే జరుగుతుంది. ‘ఆ పిల్ల ఒంటరిదైపోయింది’, ‘వాడు వెనకపడ్డాడు’, ‘బడి మానేశాడు’ అంటాం. ‘ఒంటరిని చేశారు’, ‘వెనక్కి నెట్టారు’, ‘మానేలా చేశారు’ అనడానికి నోరు రాదు. అబద్ధం చెప్పడం లేదు. క్రియను ఎంచుకోవడంలోనే సగం నిజం రాలిపోతోంది.

అయితే జపనీస్‌లో దీనికి విరుగుడు కూడా ఉంది. ‘వాన కురిసింది’ అన్నదాన్ని వాళ్లు ‘నేను వాన చేత కురవబడ్డాను’ అన్నట్టుగా కూడా చెప్పగలరు. కురిసింది వానే, నష్టం నాకు అని భావం. వ్యాకరణవేత్తలు దీన్ని ‘ఇబ్బంది కర్మణి ప్రయోగం’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. మనకు కర్మణి ప్రయోగం పుస్తకాల్లోనే తప్ప నోట్లో లేదు. ‘నేను విస్మరించబడ్డాను’ అని ఏ పిల్లా ఇంటికొచ్చి చెప్పదు. తెలుగు పిల్లలు చెప్పే తీరు వేరు. ‘నన్ను రానివ్వట్లేదమ్మా’, ‘నాతో ఎవరూ మాట్లాడట్లేదు’, ‘అందరూ కటీఫ్ చెప్పేశారు’. ఈ వాక్యాల్లో చేసినవాళ్లు ఉన్నారు, పేర్లు మాత్రమే లేవు. పిల్లలు చెప్పేటప్పుడు ఉన్న కర్త, పెద్దలు రిపోర్టు రాసేటప్పుడు మాయమవుతున్నాడు. గమనించాల్సింది ఇక్కడే.

నిర్వచనం మారితే లెక్క మారింది

బడిలో వేధింపులకు జపనీస్‌లో ‘ఇజిమె’ అని పేరు. కొట్టడం, తిట్టడం నుంచి మౌనంగా దూరం పెట్టడం దాకా అన్నీ ఇందులోకే వస్తాయి. 1986లో టోక్యోలోని ఒక మాధ్యమిక పాఠశాలకు చెందిన విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. అంతకుముందు తరగతి గదిలోనే అతనికి ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. వీడ్కోలు కాగితం మీద సంతకాలు చేసినవారిలో కొందరు ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. ఈ సంగతి ఆ దేశాన్ని కుదిపేసింది.

అప్పట్లో విద్యాశాఖ నిర్వచనం ప్రకారం ఇజిమె అనాలంటే చాలా షరతులు ఉండేవి. బలహీనుడి మీద ఏకపక్షంగా జరగాలి, పదేపదే జరగాలి, బాధ తీవ్రంగా ఉండాలి, పైగా జరిగినట్టు బడి నిర్ధారించాలి. 1994లో చివరి షరతు పోయింది. 2006లో మిగతావి కూడా తీసేసి, బాధపడిన పిల్లల వైపు నుంచి చూడాలన్నారు. 2005 విద్యాసంవత్సరంలో సుమారు 20 వేలుగా ఉన్న కేసులు 2006లో లక్షా 24 వేలు దాటాయి. ఒక్క ఏడాదిలో పిల్లలు ఆరు రెట్లు చెడిపోలేదు. అంతవరకూ లెక్కకు రాని బాధ లెక్కలోకి వచ్చింది.

2011లో ఒత్సు నగరంలో మరో విద్యార్థి మరణం తర్వాత, 2013లో ఇజిమె నిరోధానికి చట్టమే వచ్చింది. ఇంటర్నెట్‌లో జరిగేదీ అందులో చేరింది. ఏటా బడులు నింపే పట్టికలో ‘జట్టులోంచి తప్పించడం, గుంపుగా పట్టించుకోకపోవడం’ అన్నది విడిగా ఒక వరస. తల తిప్పుకోవడం కూడా హింసేనని ప్రభుత్వ కాగితమే ఒప్పుకుందన్నమాట. 2023 విద్యాసంవత్సరంలో మొత్తం కేసులు 7 లక్షల 30 వేలు దాటాయి. సంఖ్య పెరిగితే బడి చెడ్డదని అనుకోకూడదనీ, పిల్లల బాధను ముందే పసిగట్టిందని అర్థం చేసుకోవాలనీ అక్కడి విద్యాశాఖ చెబుతోంది. ‘మా బడిలో అలాంటివేం లేవండీ’ అని గర్వంగా చెప్పుకునే మనం ఒకసారి ఆలోచించాల్సిన మాట ఇది.

బడికి రాని పిల్లల పేరూ ఇలాగే మారింది. ప్రభుత్వ లెక్కల్లో చాలాకాలం వాళ్లను ‘గక్కో గిరై’ అన్నారు, అంటే బడంటే గిట్టనివాళ్లు. జనం వాడుకలో ‘తోకో క్యోహి’ ఉండేది, బడికి రానని మొరాయించడం. 1998 నుంచి ప్రభుత్వ లెక్కల్లో ‘ఫుతోకో’ అని రాస్తున్నారు. బడికి రాకపోవడం, అంతే. గిట్టకపోవడం, మొరాయించడం పిల్లల మీద వేసిన నిందలు. రాకపోవడం మాత్రం ఒక స్థితి. ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు అది తలుపు తెరిచి ఉంచుతుంది. ఏడాదిలో 30 రోజులు, అంతకు మించి ఇలా రాని ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల పిల్లలు 2023లో 3 లక్షల 46 వేల మంది. పేరు మార్చినంత మాత్రాన సమస్య తీరలేదు. కానీ నింద ఎవరి మీద వేయాలన్న తొందర తగ్గింది.

మెడలో పలక

భాష కారణంగా వెలి పడిన పిల్లల కథ జపాన్‌లోనూ ఉంది. ఇది మన బడులవాళ్లు ప్రత్యేకంగా చదవాల్సింది. దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు ఒకప్పుడు ర్యూక్యూ రాజ్యం. 1879లో జపాన్‌లో పూర్తిగా కలిపేశారు. అక్కడి భాషలు జపనీస్‌కు చుట్టాలే కానీ వేరు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి అక్కడి బడుల్లో ‘హోగెన్ ఫుద’ కనిపించింది. యాస పలక అని అర్థం. ఇంటి భాష మాట్లాడిన పిల్లల మెడలో ఆ చెక్క పలక వేలాడదీసేవారు. ఇంకొకరు అలా మాట్లాడుతుండగా పట్టిస్తే పలక వాళ్ల మెడలోకి మారేది.

ఆ శిక్షలోని కిటుకు చూడండి. టీచరు కాపలా కాయనక్కర లేదు. పిల్లలే ఒకరి నోటి మీద ఒకరు కాపలా. పలక వదిలించుకోవాలంటే స్నేహితుణ్ణి అప్పగించాలి. యుద్ధం తర్వాత కూడా కొన్ని బడుల్లో ఇది సాగింది. 2009లో యునెస్కో ప్రచురించిన పట్టికలో ఒకినావా భాషలు ప్రమాదంలో పడినవాటిలో ఉన్నాయి.

సముద్రాలు దాటి చూడనక్కర లేదు. అదే 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు బడి, తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన వార్త మనమంతా చదివాం. తెలుగు నేల మీదే అలా ఉంటే, సరిహద్దు ఇవతల మన పిల్లల సంగతి చెప్పేదేముంది? చెన్నైలో ‘గొల్టి’ అన్న పిలుపు వినని తెలుగువాడు అరుదు. సెలవులకు అటువైపు బంధువుల ఇంటికి వెళితే ‘ఇదేం తెలుగురా, అరవ తెలుగు’ అని నవ్వు. ఇక్కడ తెలుగు అని బయట, అక్కడ తెలుగు సరిగా లేదని బయట. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ చెబుతోంది. మెడలో కనబడని పలకను తీయడం మాత్రం చట్టం చేతిలో లేదు, తరగతి గదిలో ఉంది.

ఉత్తరాన హొక్కైదోలో ఐనూ జాతివారి కథ ఇంకా బరువైనది. 1899లో ‘రక్షణ’ పేరుతో వచ్చిన చట్టం వారిని వ్యవసాయంలోకీ జపనీస్ భాషలోకీ నెట్టింది. అది రద్దయింది 1997లో. వారు అక్కడి ఆదివాసులేనని చట్టంలో రాసుకున్నది 2019లో. 2020లో షిరావొయి పట్టణంలో తెరిచిన ఐనూ జాతీయ కేంద్రానికి ‘ఉపొపొయ్’ అని పేరు పెట్టారు. ఐనూ భాషలో గుంపుగా కలిసి పాడటం అని అర్థం. వెలికి ఎదురు మాట ఏమిటని అడిగితే, నేను దీన్నే చూపిస్తాను.

మాటకే మైల అంటితే

‘బురకు’ అంటే జపనీస్‌లో పల్లె, అంతే. కానీ ఒకప్పుడు తోలుపని, జంతువుల వధ వంటి వృత్తులకు కట్టిపడేసి, పుట్టుకతోనే తక్కువగా చూసిన కుటుంబాల వాడలకు ఆ మాట అంటుకుంది. 1871లో ఒక ఉత్తర్వుతో ఆ అంతరాన్ని చట్టపరంగా రద్దు చేశారు. అయినా అధికారులు ‘ప్రత్యేక పల్లెలు’ అని విడిగా పిలవడం మొదలుపెట్టారు. మర్యాదగా పెట్టిన ఆ పేరు కొన్నాళ్లకు తిట్టుగా మారింది. 1922 మార్చి 3న క్యోటోలో వారే ‘సుయిహెయిషా’ అనే సంఘం పెట్టుకున్నారు. ‘సుయిహెయి’ అంటే నీటిమట్టంలా సమతలం. ఎవరో పెట్టిన పేరుకు బదులు వారు ఎంచుకున్న పేరు అది.

1975లో ఇంకో సంగతి బయటపడింది. ఆ వాడల చిరునామాలతో అచ్చువేసిన జాబితాలను కంపెనీలు కొని, ఉద్యోగానికి వచ్చినవారి ఊరు అందులో ఉందేమో చూసుకునేవి. వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంటూ, దాన్ని తొలగించే చట్టం 2016లో వచ్చింది. ‘వెలివాడ’ అనే మాట బరువు తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు. మనసు మారకుండా పేరు మారిస్తే, కొత్త పేరుకూ పాత మైలే అంటుకుంటుంది.

పుస్తకం మాట, ఇంటి మాట

పేదరికం, నిరుద్యోగం, జబ్బు, ఒంటరితనం కలిసి మనిషిని సమాజం బయటికి నెట్టడాన్ని యూరప్ వారు చర్చించసాగాక, జపాన్ పండితులు దానికి ‘షకైతెకి హైజో’ అనే అనువాదం చేసుకున్నారు. మన ‘సామాజిక బహిష్కరణ’ లాంటిదే. దానికి ఎదురు మాట ‘హోసెత్సు’, అందరినీ కలుపుకుని ఉంచుకోవడం. 2011లో ప్రధాని కార్యాలయంలో ఈ పేరుతో ప్రత్యేక బృందం కూడా పెట్టారు. కానీ సంతలో, వంటింట్లో ఈ మాటలు వాడేవారు కనబడరు. మన ‘సమ్మిళిత విద్య’ లాగే. శిక్షణ తరగతుల్లో వింటాం, అక్కడే వదిలేసి వస్తాం.

జనం నోట నిలిచింది మాత్రం చిన్న మాట, ‘ఇబషో’. ఉండే చోటు అని అర్థం. 1992లో బడికి రాని పిల్లల గురించి వచ్చిన ప్రభుత్వ నివేదిక, బడి పిల్లలకు ‘మనసుకు ఇబషో’ కావాలంది. ఇలాంటి పరిస్థితి ఏ పిల్లకైనా రావచ్చని కూడా చెప్పింది. ఇబషో అంటే కుర్చీ ఉండటం కాదు. నేను రాకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉందని ఒకరైనా గమనించడం. మనం ‘నా చోటు’, ‘మనవాళ్లు’ అంటాం కదా, ఆ రెండూ కలిపితే ఇబషో.

మన బడిలో ఏం చేద్దాం?

ఈ మాటల ప్రయాణం నుంచి రేపటి తరగతికి తీసుకెళ్లగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, రిపోర్టులో క్రియను సరిచూసుకుందాం. ‘కలవడు’ అని రాసే ముందు ‘కలుపుకుంటున్నారా?’ అని కనుక్కుందాం. తెలియకపోతే చూసింది చూసినట్టు రాద్దాం. ‘ఆటల పీరియడ్‌లో పది రోజులుగా ఒక్కడే కూర్చుంటున్నాడు’ అన్న వాక్యంలో నింద లేదు, పని ఉంది.

రెండు, ‘మీకు నచ్చినవాళ్లతో జట్లు కట్టండి’ అనే మాట మానేద్దాం. మనకు అది స్వేచ్ఛ ఇవ్వడంలా కనిపిస్తుంది. ఎప్పుడూ చివరికి మిగిలే పిల్లకు అది అందరి ముందు జరిగే వేలం. చీటీలు తీసినా, హాజరు పట్టీ వరసలో కలిపినా సరిపోతుంది.

మూడు, తల్లిదండ్రులు ‘నువ్వు వెళ్లి కలవొచ్చు కదా’ అనే ముందు ‘మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?’ అని అడగండి. ‘బడి ఎలా ఉంది’ అంటే ‘బాగుంది’ అనే జవాబు వస్తుంది. పక్కన ఎవరున్నారంటే కథ బయటికి వస్తుంది.

నాలుగు, మన పిల్లలు వెలి పడ్డారేమో చూసుకున్నట్టే, వెలివేస్తున్నారేమో కూడా చూసుకుందాం. తరగతి గ్రూపులో ఎవరు లేరు? ఇంట్లో కన్నడం, తమిళం, ఒడియా ఎక్కువగా మాట్లాడే పిల్ల తెలుగు తడబడితే నవ్వుతున్నది ఎవరు? మైనారిటీ బడిలోనూ ఇంకా చిన్న మైనారిటీ ఉంటుంది.

ఐదు, అరటిపండు నియమాన్ని తరగతిలోకి తెద్దాం. కొత్తగా చేరిన పిల్లవాడికి నాటకంలో డైలాగు రాకపోతే తప్పించొద్దు, డైలాగు చిన్నది చేద్దాం. ఆట మనది, నియమం మనది. సడలించే హక్కూ మనదే.

మాటలు మార్చినంత మాత్రాన మనుషులు మారరని జపాన్ అనుభవమే చెబుతోంది. కానీ తప్పు మాట వాడినంతకాలం తప్పు మనిషినే సరిదిద్దుతూ ఉంటామని కూడా అదే చెబుతోంది. వచ్చే నెల ప్రోగ్రెస్ కార్డులు నింపేటప్పుడు, ఆ చిన్న గడిలో ఏ క్రియ రాయాలన్నది మన చేతిలోనే ఉంది.

(వ్యాసకర్త తెలుగు మాధ్యమ పాఠశాల ఉపాధ్యాయుడు)